సంతకం పెట్టని లెక్కల మాస్టారు



నేను చాలా ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. మా రోజుల్లో పదో తరగతి లెక్కల పుస్తకం ప్రవచనాలు, సమితులతో మొదలయ్యేది. బడి తెరిచిన కొద్ది రోజులకే డీ మోర్గాన్ న్యాయాలు వచ్చేవి. రెండు సమితుల సమ్మేళనానికి పూరకం ఏది, ఛేదనానికి పూరకం ఏది అంటూ బోర్డు మీద వృత్తాలు గీసి, రంగు సుద్దలతో గీతలు కొట్టి చూపించేవాణ్ని. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, డీ మోర్గాన్‌ది ఏ ఊరండీ?" అని అడిగింది. పైథాగరస్‌ది గ్రీసు అని చెప్పాను, భాస్కరుడు మనవాడని చెప్పాను, ఈయన సంగతే చెప్పలేదు. నాకు తెలియదు మరి. రేపు చెబుతానమ్మా అని, సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. పాత విజ్ఞాన సర్వస్వంలో దొరికింది. పుట్టిన ఊరు, మదురై.

ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. మీనాక్షమ్మ మదురై! అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మన కోస్తా జిల్లాలూ ఆ ప్రెసిడెన్సీలోవే కదా. ఆనాడు మొదలైన ఆసక్తి ఇన్నేళ్లయినా పోలేదు. అందుకే ఇవాళ అగస్టస్ డీ మోర్గాన్ గురించి నాలుగు మాటలు చెబుదామని మీ ముందుకు వచ్చాను.

1806 జూన్ 27న పుట్టాడు. తండ్రి జాన్ డీ మోర్గాన్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. ఈ బిడ్డ పుట్టిన పదమూడో రోజున, జులై 10న, వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. దక్షిణాదిలో కంపెనీ కొలువులో ఉన్న కుటుంబాలన్నీ బిక్కుబిక్కుమంటూ గడిపిన రోజులవి. పుట్టిన కొద్దికాలానికే పిల్లవాడికి కుడి కన్ను పోయింది. ఏడు నెలల పసివాడిగా ఇంగ్లండు ఓడ ఎక్కాడు. మళ్లీ ఈ దేశం చూడలేదు. పదేళ్ల వయసులో తండ్రి కూడా పోయాడు. ఇండియా నుంచి ఇంటికి వెళ్తూ, సెయింట్ హెలీనా దగ్గర, దారిలోనే.

ఒంటి కన్ను పిల్లవాడికి బడిలో ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు. తోటి కుర్రాడొకడు చప్పుడు చేయకుండా కుడివైపు నుంచి వచ్చి, చెంప దగ్గర పెన్నుచాకు మొన పెట్టి, పేరు పెట్టి పిలిచేవాడు. ఇటు తిరిగేసరికి మొన గుచ్చుకునేది. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు మాటు వేసి వాణ్ని పట్టుకుని బాగా తన్నాడట మన అగస్టస్. ఆయన భార్య సోఫియా తరువాత రాసిన జీవిత చరిత్రలో ఈ సంగతి ఉంది. అందులోనే ఇంకొకటి ఉంది. బ్రిస్టల్లో చదువుతున్నప్పుడు ఆదివారం చర్చిలో బడిపిల్లలు కూర్చునే బెంచీ చెక్క మీద వరసగా సన్నటి చిల్లులు కనిపించాయి. దగ్గరికి వెళ్లి చూస్తే యూక్లిడ్ మొదటి సిద్ధాంతం, ఒకటి రెండు చిన్న సమీకరణాలు, కింద పొడి అక్షరాలు. జోడు బకిలీ మొనతో పొడిచి రాశాడు.

అయినా ఈ పిల్లవాడికి లెక్క వచ్చునని చాలాకాలం ఎవరూ కనిపెట్టలేదు. పద్నాలుగో ఏట ఒకరోజు రూళ్లకర్ర, వృత్తలేఖిని పెట్టుకుని యూక్లిడ్ పటమొకటి ఎంతో నీటుగా గీస్తున్నాడు. ఇంటికి వచ్చిన పెద్దాయన చూసి, నాయనా, ఈ పుస్తకం బొమ్మలు గీయడానికి కాదు, నిరూపించడానికి అని, నిరూపణ అంటే ఏమిటో కూర్చోబెట్టి చెప్పాడు. అంతే. ఇక ఆ పిల్లవాణ్ని ఆపినవాళ్లు లేరు. నేను టీచరు శిక్షణ పొందేవాళ్లతో మాట్లాడినప్పుడల్లా ఆ పెద్దాయనను తలుచుకుంటాను. ఒక్క సాయంత్రం ఒక్క మాట చెప్పాడు, అంతే కదా.

ఒక విశేషం చెప్పాలి. డీ మోర్గాన్ తల్లి తరఫు ముత్తాత జేమ్స్ డాడ్సన్. ఆయనా లెక్కల మనిషే, ప్రతిసంవర్గమానాల పట్టిక కట్టినవాడు. కానీ బడిలో లెక్కలు చెప్పి బతికాడని ఆ ఇంట్లో ఆయన పేరు ఎత్తడానికే నామోషీ పడేవారట. 

1823లో, పదహారేళ్లకు, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. చదివాడు, వేణువు వాయించాడు, నవలలు తెగ నమిలాడు. 1827లో గణిత పరీక్షలో నాలుగో స్థానం వచ్చింది. ఆయన జీవితం మలుపు తిరిగింది ఇక్కడే. ఎం.ఏ. పట్టా కావాలన్నా, కాలేజీలో ఫెలోగా ఉండాలన్నా ఇంగ్లండు చర్చి సిద్ధాంతాలను నమ్ముతున్నానని కాగితం మీద సంతకం పెట్టాలి. అందరూ పెట్టేవారు. నమ్మినవారూ పెట్టారు, నమ్మనివారూ పెట్టారు. అది ఊరికే ఒక తంతు, ఎవరు అడుగుతారు? డీ మోర్గాన్ పెట్టలేదు. ఆయన దేవుణ్ని నమ్మనివాడు కాదు. మనసులో లేనిదాని కింద పేరు రాయడం ఆయనకు చేతకాలేదు. దాంతో కేంబ్రిడ్జి తలుపు మూసుకుంది.

అదృష్టం ఏమిటంటే, సరిగ్గా అప్పుడే లండన్‌లో కొత్త విశ్వవిద్యాలయం పెడుతున్నారు. ఇవాళ యూనివర్సిటీ కాలేజ్ లండన్ అంటున్నామే, అదే. అక్కడ ఏ మతంవాడివని అడగరు. 1828లో, ఇంకా ఇరవై రెండేళ్లు నిండకుండానే, అక్కడ మొట్టమొదటి గణిత ఆచార్యుడయ్యారు. మూడేళ్లు తిరిగేసరికి ఒక సహ ఆచార్యుణ్ని యాజమాన్యం సరైన కారణం చూపకుండా తీసేసింది. ఇలాగైతే ఏ ఆచార్యుడికీ గౌరవం ఉండదని డీ మోర్గాన్ తానూ రాజీనామా చేశారు. ఆయన స్థానంలో వచ్చినవారు 1836లో నీట మునిగి చనిపోతే, పిల్లల చదువు ఆగిపోతుందని తిరిగి వచ్చి పాఠం అందుకున్నారు. మరో ముప్పై ఏళ్లు చెప్పారు. పరీక్ష కోసం బట్టీ పట్టించడమంటే ఆయనకు పరమ అసహ్యం. ఐ.ఐ.టి. కోచింగుల కాలంలో బతుకుతున్నాం కనుక ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను.

1837లో సోఫియా ఫ్రెండ్‌ను పెళ్లి చేసుకున్నారు. మామగారు విలియం ఫ్రెండ్ కూడా మనస్సాక్షి కోసం నష్టపోయినవారే. మతం, రాజకీయాల మీద ఒక చిన్న పుస్తకం రాసినందుకు 1793లో ఆయన్ను కేంబ్రిడ్జి నుంచి వెళ్లగొట్టారు. లెక్కల్లో మాత్రం ఈయనది వింత పట్టుదల. ఋణ సంఖ్యలు అనేవే లేవంటారు. మూడులోంచి అయిదు తీసేయడం ఎవరి తరం, అలాంటి మాట బీజగణితంలో ఉండనే కూడదని 1796లో ఏకంగా పుస్తకమే రాశారు. మనకిది వింతగా అనిపిస్తుంది. ఎందుకంటే మన భాషలో ఋణ సంఖ్య అన్న మాటలోనే అప్పు ఉంది. బ్రహ్మగుప్తుడు ఏడో శతాబ్దంలోనే ధనం, ఋణం అని పేర్లు పెట్టి, ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమని సూత్రం చెప్పాడు. ఫ్రెండ్‌గారి వాదన మాత్రం అర్థం లేనిది కాదు. అర్థం కాని గుర్తును నిజమని ఎలా ఒప్పుకుంటాం అన్నదే ఆయన ప్రశ్న.

డీ మోర్గాన్ కూడా మొదట ఆ ప్రశ్నతోనే తిప్పలు పడ్డారు. 1831లో రాసిన ఒక పుస్తకంలో ఆయన ఇచ్చిన లెక్క వినండి. తండ్రికి 56 ఏళ్లు, కొడుక్కి 29. ఇంకా ఎన్నేళ్లకు తండ్రి వయసు కొడుకు వయసుకు రెట్టింపు అవుతుంది? సమీకరణం కట్టి చేస్తే జవాబు ఋణ రెండు వస్తుంది. ఇంకా ఋణ రెండేళ్లకట! ఏమిటా మాట? ప్రశ్న తప్పుగా అడిగామని ఆ జవాబు మనకు చెబుతోంది, రెండేళ్ల కిందట అయిందని అర్థం అన్నారాయన. నిజమే, అప్పుడు తండ్రికి 54, కొడుక్కి 27. కానీ అక్కడ ఆగలేదు. జవాబు వచ్చిన ప్రతిసారీ కూర్చుని అర్థం వెతుక్కోవాలంటే, ఋణ సంఖ్యకు వర్గమూలం వచ్చినప్పుడు ఏం చేస్తాం?

1839 నుంచి బీజగణితం పునాదుల మీద వరసగా నాలుగు వ్యాసాలు రాశారు. 1849లో త్రికోణమితి, జంట బీజగణితం పేరుతో పుస్తకం వచ్చింది. అందులో ఆయన వేసిన అడుగు నా దృష్టిలో పెద్దది. ముందు గుర్తులు తీసుకో. వాటికి అర్థమేమిటని అడగకు. కూడిక గుర్తు అంటే కూడిక అనుకోకు. ఏ గుర్తు పక్కన ఏది రావచ్చు, దేని బదులు ఏది రాయవచ్చు, ఆ నియమాలు మాత్రం రాసుకో. ఆ నియమాలతోనే బీజగణితమంతా నడిపించు. అర్థం తరువాత ఇచ్చుకోవచ్చు. ఒక అర్థం కాకపోతే ఇంకొకటి. మన పులిజూదం గుర్తు తెచ్చుకోండి. అరుగు మీద గీసిన గీతల మీద గులకరాయి పులి, చింతగింజ మేక. గులకరాయికి పంజా లేదు, చింతగింజకు కొమ్ములు లేవు. ఏది ఎటు కదలాలి, ఎప్పుడు దూకాలి అన్నదే ఆట. రేపు గులకరాయి బదులు గవ్వ పెట్టినా ఆట అదే.

అలా నియమాలు కట్టిపెట్టి, ఆ తరువాత వాటికి ఒక అర్థం ఇచ్చి చూపించారు. అదే జంట బీజగణితం. రేడియోలో బోర్డు లేదు కాబట్టి మీరే లేచి నిలబడి చేయండి. తూర్పు ముఖంగా నిలబడి నాలుగు అడుగులు వేయండి. అది ధన నాలుగు. మొదట నిలబడ్డ చోటికే వచ్చి, మళ్లీ తూర్పు ముఖంగా నిలబడి, ఎడమవైపు పావువంతు తిరగండి. ఉత్తరం. ఇంకోసారి ఎడమకు తిరగండి. పడమర. ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే అది ఋణ నాలుగు. అంటే ఈ పావు తిప్పును రెండుసార్లు చేస్తే ఋణ ఒకటితో గుణించినట్టు. రెండుసార్లు చేస్తే ఋణ ఒకటి వచ్చేది ఏది? దాని వర్గమూలం. అది ఉత్తరం వైపు తిరిగి నిలబడి ఉంది, చూడండి. ఈ బొమ్మ ఆయన కంటే ముందు కొందరు గీశారు. బొమ్మను, నియమాలను విడదీసి, రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూపడం మాత్రం డీ మోర్గాన్ పని.

ఇక్కడే ఆ మనిషి నాకు బాగా దగ్గరవుతారు. మనసులో అర్థం లేని సంతకం పెట్టనన్నవాడు, అర్థం లేని గుర్తులతో బీజగణితం నడిపించాడేమిటి? నేను చాలాకాలం ఇది ఆలోచించాను. రెండూ ఒకటేనని ఇప్పుడు అనుకుంటున్నాను. అర్థం లేదని తెలిసినప్పుడు లేదని పైకి చెప్పి, ఆ గుర్తు వాడారు. ఉన్నట్టు నటించలేదు. ఋణ సంఖ్య ఉందని నమ్మినట్టు తల ఊపుతూ లెక్క చేసుకుపోయిన వందలాదిమందికీ ఈయనకూ తేడా అదే.

ఆ 1849 సంవత్సరంతోనే ఆయన తన వయసు మీద ఒక పొడుపు వేశారు. నా వయసు ఎంతో, దాని వర్గం ఏ సంవత్సరమో, ఆ సంవత్సరంలో నాకు ఆ వయసు అన్నారు. సంవత్సరం నేను చెప్పేశాను కనుక వయసు మీరు చేయండి. ఈలోగా ఆయన పేరు మోస్తున్న న్యాయాల దగ్గరికి వద్దాం.

పుస్తకం, పెన్ను రెండూ తెచ్చినవాళ్లే లోపలికి రండి అన్నాడనుకోండి మాస్టారు. బయట నిలబడినవాళ్లెవరు? రెండూ తేనివాళ్లు అంటారు పిల్లలు తొందరపడి. కాదు. పుస్తకం తేనివాళ్లు గానీ పెన్ను తేనివాళ్లు గానీ అందరూ బయటే. కాదు అన్న మాట లోపలికి వెళ్లగానే 'మరియు' కాస్తా 'లేదా' అయిపోతుంది. ఇంకోవైపు, కాఫీ గానీ టీ గానీ తాగేవాళ్లు కారంటే, కాఫీ తాగరు, టీ కూడా తాగరు. అక్కడ 'లేదా' పోయి 'మరియు' వస్తుంది. ఈ సంగతి మధ్యయుగపు తార్కికులకూ తెలుసు. గుర్తుల లెక్కలోకి దించింది డీ మోర్గాన్. ఇవాళ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మన పిల్లలు, హైదరాబాదులో ఉన్నా అమెరికాలో ఉన్నా, షరతు తిరగేసి రాసిన ప్రతిసారీ దీన్నే వాడుతున్నారు. 1847లో ఆయన తర్కశాస్త్ర గ్రంథం వచ్చింది. ఇంచుమించు అదే రోజుల్లో జార్జ్ బూల్ తర్కం మీద రాసిన చిన్న పుస్తకమూ వచ్చింది. ఇద్దరూ మంచి స్నేహితులు. బూల్‌కు ఏ విశ్వవిద్యాలయం డిగ్రీ లేదు, చెప్పులు కుట్టేవాడి కొడుకు. అతని గొప్పతనాన్ని ముందుగా గుర్తించి నిలబడినవారిలో డీ మోర్గాన్ ఒకరు.

ఇంటర్‌లో గణితానుగమనం చదువుకున్నారు కదా, ఆ పద్ధతికి ఇంగ్లీషు పేరు స్థిరపడింది 1838లో ఒక విజ్ఞాన సర్వస్వానికి ఆయన రాసిన వ్యాసం వల్లే. సామాన్య జనం చదువుకోవాలని చవకగా వేసిన ఆ సర్వస్వానికి ఆయన ఒక్కరే వందల వ్యాసాలు రాశారు. ఏడా లవ్‌లేస్ అనే విద్యార్థినికి ఉత్తరాల ద్వారా కలనగణితం నేర్పారు. 1852 అక్టోబర్ 23న ఒక విద్యార్థి వచ్చి, మా అన్న అడగమన్నాడండీ, ఏ పటాన్నైనా పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు పడకుండా నాలుగు రంగులతో నింపవచ్చా అన్నాడు. డీ మోర్గాన్‌కు జవాబు తోచలేదు. ఆ రోజే డబ్లిన్‌లో ఉన్న గణితవేత్త హామిల్టన్‌కు ఉత్తరం రాశారు. ఆ ప్రశ్న తేలడానికి 1976 దాకా పట్టింది, అదీ కంప్యూటర్ సాయంతో. తనకు తెలియని ప్రశ్నను, తన విద్యార్థి అడిగాడని చెప్పి ఇంకొకరికి అందించిన మాస్టారు కనుకే అది బతికింది.

ఇక మదురై సంగతి. పుట్టిన ఊరు అది; కన్నునూ తండ్రినీ దూరం చేసిన దేశం ఇది. అయినా ఇండియా ఆయన మనసులోంచి పోలేదు. 1850లో కలకత్తా నుంచి ఒక పుస్తకం వచ్చింది. పంపినది అక్కడి విద్యా మండలి అధ్యక్షుడు బెథ్యూన్. రాసినది ఢిల్లీ కాలేజీ ఉపాధ్యాయుడు రామచంద్ర. ఉర్దూలో పిల్లలకు సైన్సు, లెక్కలు చెప్పే మాస్టారు. సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నాడు. కలకత్తా పత్రికలు చిన్నచూపు చూశాయి. కలనగణితం వాడకుండా గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కోవడం ఆ పుస్తకంలోని విషయం.

ఎలాగో ఒక చిన్న ఉదాహరణ. పదిని రెండు ముక్కలు చేసి, ఆ రెంటినీ గుణించాలి. లబ్ధం ఎంతవరకు పెరగగలదు? ఒక ముక్క ఎక్స్, రెండోది పదిలోంచి ఎక్స్ తీసేయగా మిగిలింది. లబ్ధాన్ని ఆర్ అందాం. రాసి చూస్తే వర్గ సమీకరణం వస్తుంది. దాన్ని సాధిస్తే మూలంలో ఇరవై అయిదులోంచి ఆర్ తీసేయగా మిగిలినదానికి వర్గమూలం ఉంటుంది. ఆర్ ఇరవై అయిదు దాటితే మూలం ఊహాసంఖ్య అయిపోతుంది, అలాంటి ముక్కలు ఉండవు. కాబట్టి గరిష్ఠం ఇరవై అయిదు, ముక్కలు అయిదు, అయిదు. పదో తరగతి బీజగణితంతో పని అయిపోయింది. ఇలాంటివి ఒకటి కాదు, పుస్తకం నిండా.

డీ మోర్గాన్ దాన్ని తీసి పక్కన పెట్టలేదు. బెథ్యూన్‌కు రాశారు. ఈ మనిషిని గుర్తించాలని కంపెనీ డైరెక్టర్లకు నచ్చజెప్పారు. రామచంద్రకు ఖిల్లత్తు, నగదు బహుమానం అందాయి. 1859లో పుస్తకం లండన్‌లో మళ్లీ అచ్చయింది, డీ మోర్గాన్ రాసిన పెద్ద పీఠికతో. గ్రీకులది రేఖాగణితమైతే హిందువులది బీజగణితమని, ఈ దేశంలో ఉన్న ఆ బుద్ధిని తట్టి లేపాలే గాని యూరపు పుస్తకాలు తెచ్చి నోట్లో కుక్కితే లాభం లేదని ఆ పీఠికలో వాదించారు. మధ్యలో 1857 వచ్చింది. ఢిల్లీలో రామచంద్ర ప్రాణాలు దక్కించుకోవడమే గగనమైంది. ఆ గొడవలన్నీ దాటి ఆ పుస్తకం వెలుగు చూసింది. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

చివరి రోజులు బాధగా గడిచాయి. 1865లో లండన్ మేథమెటికల్ సొసైటీ పుట్టింది. దాన్ని తలపెట్టిన యువకుల్లో ఆయన కొడుకు జార్జ్ ఒకడు. తండ్రి తొలి అధ్యక్షుడు. 1866లో యూనివర్సిటీ కాలేజీ జేమ్స్ మార్టినో అనే పండితుణ్ని, ఆయన యూనిటేరియన్ మతబోధకుడన్న కారణంతో, తర్క ఆచార్య పదవికి తీసుకోలేదు. మతం అడగమని చెప్పి పెట్టిన కాలేజీ మతం అడిగిందని, అరవయ్యో ఏట డీ మోర్గాన్ రెండోసారి, ఆఖరుసారి రాజీనామా రాశారు. మరుసటి ఏడాది జార్జ్ పోయాడు. ఆ దెబ్బ నుంచి తండ్రి కోలుకోలేదు. 1871 మార్చి 18న కన్నుమూశారు. విచిత్రం చూడండి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఆ మత సంతకాలను పార్లమెంటు చాలావరకు రద్దు చేసిన సంవత్సరం కూడా 1871.

గ్రంథాలయానికి వెళ్లిన మర్నాడు క్లాసులో ఆ అమ్మాయికి మదురై అని చెప్పాను. పిల్లలంతా ఒక్కసారి ఆఁ అన్నారు. ఆ తరువాత పొడుపు ఇచ్చాను. ఈపాటికి మీరూ చేసి ఉంటారు. నలభై మూడు. 43ను 43తో గుణిస్తే 1849. అలా చెప్పుకోగలిగే అదృష్టం మళ్లీ 1892లో పుట్టినవాళ్లకు వచ్చింది, 1936లో వాళ్లకు 44. ఆ తరువాత 1980లో పుట్టినవాళ్లకు. 2025లో వాళ్లకు 45 నిండాయి. మీ ఇంట్లో 1980లో పుట్టినవారుంటే ఈ సంగతి చెప్పండి. ఇంకోసారి ఆ మాట అనాలంటే 2070లో పుట్టాలి.